గాలి కన్నా ముందే గట్టెక్కాలి
ఉదయసముద్రం మీద పనిచేసేవారికి వాతావరణ సలహా

నల్లగొండ దగ్గరి పానగల్ ఉదయసముద్రం చెరువులో చేపలు పట్టి బతికేవాళ్లకు వాన సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మబ్బు రంగు, ఉక్కపోత, తూనీగలు కిందికి దిగడం చూసి వాన పడుతుందో లేదో చాలావరకు పట్టేస్తారు. కానీ తెప్పను తిరగేసేది వాన కాదు, వానకు కాస్త ముందు, ఒక్కోసారి చినుకే లేకుండా వచ్చి పడే గాలి. ఆ గాలిని ముందుగా పసిగట్టడం ఎలా, ఫోన్‌లో ఏం చూడాలి, ఏ లెక్క దగ్గర ఆగిపోవాలి, ఆగిన పూట నష్టం తగ్గాలంటే పనిని ఎలా సర్దుకోవాలి అన్నవే ఇక్కడి విషయాలు. పానగల్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినా డిండి, మూసీ, కోయిల్‌సాగర్, జూరాల, నాగార్జునసాగర్ బ్యాక్ వాటర్‌లో తెప్పలు, పుట్టీలు, నాటు పడవలు నడిపేవాళ్లందరికీ ఇవి పనికొస్తాయి.

సముద్రపు అల వేరు, చెరువు అల వేరు

పలక మీద నిలబడి సముద్రపు అలల మీద జారే సర్ఫర్ల గురించి వినే ఉంటారు. దక్షిణాఫ్రికాలోని జెఫ్రీస్ బేలో నేల ముక్కులా ముందుకొచ్చిన చోటు నుంచి అల ఒడ్డు వెంబడి విరుగుతూ పోతుంది. హవాయిలోని పైప్‌లైన్‌లో నీళ్లకింద తక్కువ లోతులో ఉన్న రాతి దిబ్బ తగిలి అల నిలువునా లేచి పడుతుంది. అలాంటి చోట్లకు పోయేవాళ్లు ఇల్లు కదలకముందే మూడు సంగతులు చూస్తారు: అల ఎత్తెంత, ఒక అల వెళ్లాక ఎన్ని సెకన్లకు ఇంకోటి వస్తుంది, గాలి ఎటు నుంచి ఎటు వీస్తోంది. ఆ అల పుట్టేది ఆ ఒడ్డున కాదు, ఎక్కడో నడిసముద్రంలో గాలివాన కింద. 15 సెకన్లకొకటి వచ్చే అలల గుంపు రోజుకు సుమారు 1000 కిలోమీటర్లు నడుస్తుంది. అందుకే అది ఒడ్డు చేరే రోజును నాలుగైదు రోజుల ముందే చెప్పగలుగుతున్నారు.

విశాఖ రుషికొండ దగ్గర సర్ఫింగ్ చేసే కుర్రవాళ్లకూ, విశాఖ నుంచి వేటకు పోయే మరపడవలకూ అక్కరకొచ్చే అలల అంచనాలు తయారయ్యేది మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే. 1999లో మొదలైన ఇన్‌కాయిస్ సంస్థ అక్కడి నుంచే దేశపు తీరమంతటికీ అలల ఎత్తు, ఉప్పెన, సునామీ హెచ్చరికలు పంపుతుంది. అయితే దాని పని సముద్రం వరకే. ఉదయసముద్రంలో రేపు ఎంత అల లేస్తుందో చెప్పే బులెటిన్ లేదు.

లేకున్నా మనం లెక్క కట్టుకోవచ్చు, ఎందుకంటే చెరువు అల దూరం నుంచి రాదు. గాలి ఎక్కడ వీస్తుందో అక్కడే, అప్పుడే పుడుతుంది. దాని ఎత్తు మూడింటి మీద ఆధారపడుతుంది: గాలి వేగం, ఎంతసేపు వీచింది, అడ్డం లేకుండా నీటి మీద ఎంత దూరం పరుగెత్తింది. రెండు కిలోమీటర్ల నీటి మీద గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ముప్పావు గంటలో సుమారు జానెడు అల లేస్తుంది. అదే 60 అయితే మూర దాకా పోతుంది. సముద్రం మీద పనిచేసేవాళ్లు దీన్ని అల అని కూడా అనరు. కానీ మన థర్మకోల్ తెప్ప నీటికి పైన తేలేదే జానెడు. పైగా చెరువు అలలు దగ్గరదగ్గరగా, ఒకటిన్నర రెండు సెకన్లకొకటి చొప్పున కొడతాయి. ఒక దెబ్బకు ఒరిగిన తెప్ప నిలదొక్కుకునేలోపే రెండోది తగులుతుంది. వల లాగుతూ ఒకవైపు బరువు వేసిన మనిషికి ఆ రెండోదే ప్రమాదం.

కాబట్టి సముద్రంలో అల ముందు కబురు పెట్టి వస్తుంది, చెరువులో గాలితోపాటే వస్తుంది. చెరువు మీద పనిచేసేవాడికి అల అంచనా అంటే గాలి అంచనాయే. నిర్ణయం కూడా నీళ్ల మీద కాదు, గట్టు మీద ఉన్నప్పుడే తీసుకోవాలి.

ఏ కార్తెలో ఏ గాలి

ఏడాది పొడుగునా ఒకే భయం ఉండదు. కాలాన్ని బట్టి జాగ్రత్త మారాలి.

ఏప్రిల్, మే నెలలు అన్నిటికన్నా చెడ్డవి. భరణి, కృత్తిక, రోహిణి కార్తెల్లో నల్లగొండ గట్లు పెనంలా కాలుతుంటాయి. మధ్యాహ్నం మూడు దాటాక మబ్బు నిటారుగా పెరుగుతుంది. మబ్బు నుంచి రాలే వాన, వడగండ్లు కింద ఉన్న పొడి గాలిలో ఆవిరవుతుంటే ఆ గాలి చల్లబడి బరువెక్కుతుంది. బరువెక్కిన గాలి నేల మీద పడి నాలుగు దిక్కులకూ పరుచుకుంటుంది. మబ్బు ఇంకా దూరంగా ఉండగానే దుమారం లేచేది అందుకే. ఎండలో మాడుతున్న ఒంటికి ఒక్కసారిగా చల్లగాలి తగిలితే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. నీళ్ల మీద ఉన్నవాడు హాయిగా ఊపిరి పీల్చుకోవాల్సిన సమయం కాదది. తెడ్డు అందుకోవాల్సిన సమయం. అక్కడి నుంచి మీకున్నది నిమిషాలే.

ఇలాంటి గాలి ఎంత పని చేస్తుందో చెప్పడానికి రెండు ఘటనలు చాలు. 2018 మే 15న గోదావరిలో దేవీపట్నం మండలం మంటూరు దగ్గర లాంచీ గాలివానకు మునిగిపోయింది. జల్లు లోపలికి రాకుండా తలుపులు, కిటికీలు మూసుకోవడంతో చాలామంది బయటపడలేకపోయారని అప్పట్లో వార్తలొచ్చాయి. 2024 మే 21న మహారాష్ట్రలోని ఉజని రిజర్వాయర్‌లో కూగావ్ నుంచి కళాశీకి దాటుతున్న పడవ ఈదురుగాలికి బోల్తాపడి ఆరుగురు చనిపోయారు. ఉజని కూడా మనలాగే దక్కన్ పీఠభూమి మీది నిలవ నీరు. రెండూ మే నెలలోనే జరిగాయి.

మృగశిర నుంచి ఆశ్లేష దాకా, అంటే జూన్ నుంచి ఆగస్టు మొదటి పక్షం దాకా, తీరు వేరు. ఇది ఉన్నట్టుండి వచ్చే గాలి కాదు. పడమర, నైరుతి నుంచి రోజంతా వీస్తూనే ఉంటుంది. పొద్దున తక్కువ, ఎండ ఎక్కేకొద్దీ ఎక్కువ, సాయంత్రానికి మళ్లీ కాస్త నెమ్మది. ఈ రోజుల్లో ఉదయం తొమ్మిదిలోపు పని ముగించుకునేవాళ్లకు ఇబ్బంది తక్కువ. గాలి రోజూ ఒకే వైపు నుంచి కాబట్టి తూర్పు గట్టు ఎప్పుడూ దెబ్బ తింటుంది, పడమటి గట్టు నెమ్మదిగా ఉంటుంది.

బంగాళాఖాతంలో వాయుగుండం, తుపాను పుడితే గాలి, ముసురు రెండు మూడు రోజులు వదలవు. ఇవి మాత్రం చెప్పకుండా రావు. టీవీలో, పేపర్లో, ఫోన్‌లో మూడు రోజుల ముందు నుంచే మోగుతుంటాయి. తెలిసి కూడా తెప్ప వేసి ప్రాణం మీదికి తెచ్చుకుంటే తప్పు వాతావరణ శాఖది కాదు. ఇక డిసెంబర్, జనవరిలో గాలి తక్కువే. అప్పుడు సమస్య పొగమంచు. తెల్లవారుజామున గట్టు కనబడకపోతే దిక్కు తప్పుతుంది. గట్టు మీద ఒకరు టార్చి పట్టుకుని ఉండాలి, లేదంటే పొద్దు పొడిచేదాకా ఆగాలి.

ఫోన్‌లో మూడుసార్లు చూడండి

ముందు రోజు రాత్రి, బయల్దేరే ముందు, నీళ్ల మీద ఉండగా. ఒక్కోసారి చూడాల్సింది ఒక్కొక్కటి.

ముందు రోజు రాత్రి హైదరాబాద్ వాతావరణ కేంద్రం జిల్లాల వారీగా ఇచ్చే హెచ్చరిక చూడండి. భారత వాతావరణ శాఖ వారి మౌసం యాప్‌లోనూ, వారి వెబ్‌సైట్‌లోనూ రానున్న రోజులకు జిల్లా రంగు కనిపిస్తుంది. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడండి.

బయల్దేరే ముందు నౌకాస్ట్ చూడండి. ఇది వచ్చే మూడు గంటలకు మాత్రమే ఇచ్చే అంచనా. రాడార్‌లో కనబడే మబ్బును బట్టి చెబుతారు కాబట్టి రాత్రి చూసిన హెచ్చరిక కన్నా దీనికే విలువ ఎక్కువ. రాత్రి ఆకుపచ్చ ఉంది కదా అని మధ్యాహ్నం నౌకాస్ట్ చూడకుండా పోవద్దు.

నీళ్ల మీద ఉండగా దామిని యాప్. పుణెలోని ఐఐటీఎం అనే వాతావరణ పరిశోధన సంస్థ తయారు చేసిన ఈ యాప్ మీరున్న చోటు చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతున్నాయా అని చెబుతుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉండాలి, డేటా ఉండాలి, సౌండ్ పెంచి ఉండాలి. సైలెంట్‌లో పెట్టి చొక్కా జేబులో పడేసుకుంటే అది ఉన్నా లేనట్టే. గట్టు మీద ఒక మనిషి దగ్గర ఈ యాప్ ఉండి, ఆయన ఈల వేసి పిలిచే ఏర్పాటుంటే అన్నిటికన్నా మేలు. తడి చేతులతో, వల మధ్యలో ఫోన్ తీసి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

వ్యవసాయం కూడా ఉన్నవాళ్లు మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో వచ్చే సలహా చూసుకోవచ్చు. అది పంటల కోసం రాసేదే అయినా రానున్న ఐదు రోజుల గాలి వేగం, గాలి దిశ అందులో ఉంటాయి.

పసుపే మనకు ఎరుపు

బులెటిన్ మాటలు తెలియకపోతే చదివినా లాభం లేదు. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వాతావరణ కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడొచ్చని. "కొన్ని చోట్ల" అంటే సగం దాకా. "చాలా చోట్ల" అంటే సగానికి పైన, ముప్పావు దాకా. "ఒకటి రెండు చోట్ల" అన్నారు కదా, మన మీద పడదులే అనుకోవద్దు. వేసవి గాలివాన ఎప్పుడూ ఒకటి రెండు చోట్లే పడుతుంది. ఆ ఒక్క చోటు మీరున్న చెరువైతే మిగతా జిల్లా ఎండిపోయినా మీకు ఒరిగేదేమీ లేదు.

వాన లెక్కలు కూడా అంతే. "భారీ వర్షం" అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లకు పైన. ఇది రైతుకు, రోడ్డుకు ముఖ్యం. తెప్ప మీద ఉన్నవాడికి వాన ఎన్ని మిల్లీమీటర్లన్నది అంత ముఖ్యం కాదు. ఆయన వెతకాల్సింది ఆ వాక్యం చివర ఉండే మాట: "గంటకు 30 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు". చాలామంది ఆ మాటను దాటేసి వాన గురించే చదువుతారు.

ఆ 30–40 అన్నది మన తెప్పకు ఏమిటో చూద్దాం. గాలి బలాన్ని కంటితో అంచనా వేయడానికి బ్యూఫోర్ట్ కొలమానమని ఒకటుంది. నావికులు రెండు వందల ఏళ్లుగా వాడుతున్నది. అందులో 3వ మెట్టు, 12 నుంచి 19 కిలోమీటర్ల గాలి: ఆకులు, సన్నటి రెమ్మలు ఆగకుండా కదులుతుంటాయి. 4వ మెట్టు, 20 నుంచి 28: చిన్న కొమ్మలు ఊగుతాయి, దుమ్ము, కాగితాలు లేస్తాయి. 5వ మెట్టు, 29 నుంచి 38: చిన్న చెట్లు మొత్తంగా ఊగుతాయి, చెరువుల మీద తెల్లటి తలలున్న అలలు కనబడతాయి.

దీన్ని బట్టి నా సలహా ఇది. 3వ మెట్టు దాకా పని చేసుకోవచ్చు. 4వ మెట్టులో గట్టు నుంచి దూరం పోవద్దు, కొత్తగా వల వేయొద్దు, ఉన్నవి తీసుకోవడం మొదలుపెట్టండి. 5వ మెట్టులో థర్మకోల్ తెప్ప, ట్యూబు, పుట్టి ఏదీ నీళ్లలో ఉండకూడదు. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుందని గుర్తుంచుకోండి. 20 దగ్గర బాగానే ఉంది కదా, 40 దగ్గర కాస్త కష్టపడితే సరిపోతుందనుకోవడం కుదరదు.

ఇప్పుడు పసుపు హెచ్చరికను మళ్లీ చదవండి. 30 నుంచి 40 కిలోమీటర్ల ఈదురుగాలులని ఉంటే అది 5వ మెట్టు, ఆపైన. ఊళ్లో ఉన్నవాళ్లకు పసుపు అంటే గమనిస్తూ ఉండటం. తెప్ప మీద బతికేవాడికి పసుపు దగ్గరే పని ఆగిపోవాలి. నారింజ, ఎరుపు వచ్చేదాకా చూసేవాడు ఆలస్యంగా చూస్తున్నట్టే.

నీళ్ల మీద మూడు మోసాలు

మొదటిది నున్నటి నీళ్లు. గాలి గట్టు వైపు నుంచి నడిచెరువు వైపు వీస్తుంటే గట్టు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి. సర్ఫర్లకు ఇలాంటి గాలంటే ప్రాణం, అల ముఖం నున్నగా నిలబడుతుందని. తెప్ప వేసేవాడికి ఇదే ఉచ్చు. నెమ్మదిగా ఉందని బయల్దేరుతారు. వంద గజాలు దాటేసరికి గాలి లోపలికి నెడుతుంటుంది, ముందుకు పోయేకొద్దీ అల పెరుగుతుంది, వెనక్కి రావాలంటే గాలికి ఎదురు తెడ్డు వేయాలి. అందుకని బయల్దేరే ముందు గడ్డిపోచలు గాలిలోకి వదిలి చూడండి. గాలి మిమ్మల్ని లోపలికి తోసేదైతే గట్టు వెంబడే పని చూసుకోండి. గాలి అవతలి గట్టు నుంచి మీ వైపు వస్తుంటే అల కనబడి భయపెడుతుంది కానీ చెయ్యి జారినా తెప్ప మీ గట్టుకే చేరుతుంది.

రెండోది మునిగిన గుండ్లు. అల ఎత్తు ఎంతుందో, దానికి సుమారు ఒకటింబావు రెట్ల లోతుకు నీళ్లు తగ్గిన చోట అల విరుగుతుంది. పైప్‌లైన్‌లో రాతి దిబ్బ మీద జరిగేదీ, మన చెరువులో గుండు మీద జరిగేదీ ఒకటే. మూరెడు అల రెండడుగుల లోతులో ఉన్న గుండు మీదికి రాగానే నిలువునా లేచి తెప్పను పక్కకు విసిరేస్తుంది. ఏ గుండు ఎక్కడుందో పాతవాళ్లకు తెలుసు. కానీ ఉదయసముద్రం ఇప్పుడు వానకే నిండే చెరువు కాదు. కందూరు చోడుల నాటి ఈ చెరువు ఏఎమ్మార్పీ ఎత్తిపోతల పథకం కింద ఒకటిన్నర టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ అయ్యింది. పుట్టంగండి దగ్గర సాగర్ నీళ్లు ఎత్తిపోస్తే ఇక్కడ నిండుతుంది, కాలువకు వదిలితే తగ్గుతుంది. నల్లగొండలో చినుకు పడకపోయినా నీటిమట్టం మారుతుంది. పోయిన వారం నిలువెత్తు లోతులో ఉన్న గుండు ఈ వారం మోకాలి లోతుకు రావొచ్చు. నీరు తగ్గినప్పుడు గుండ్లు గుర్తుపట్టి, వాటికి రంగు డబ్బాలు తాడుతో కట్టి వదిలితే కొత్తవాళ్లకు తెలుస్తుంది.

మూడోది రాతి కట్ట. గాలికి కొట్టుకుపోతున్నవాడు కట్ట చేరితే చాలనుకుంటాడు. కానీ రాళ్లు పరిచిన కట్టకు తగిలిన అల తిరిగి వెనక్కి వస్తుంది. వచ్చే అల, పోయే అల కలిసిన చోట నీళ్లు కుతకుతలాడుతుంటాయి, తెప్ప రాళ్లకేసి కొట్టుకుంటుంది. కట్ట మధ్యలో ఎక్కడో కాకుండా, మట్టి ఒడ్డు నెమ్మదిగా లోపలికి దిగే చోటు ఎంచుకుని అక్కడ చేరండి. తూముల దగ్గరికి, కాలువ మొదట్లోకి మాత్రం ఏ గాలిలోనూ పోవద్దు. అక్కడ లాగేది గాలి కాదు, ప్రవాహం.

పిడుగుకు ఎత్తు మీరే

నడిచెరువులో అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది తెప్ప మీద నిలబడ్డ మనిషే. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపే ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు. అప్పుడు నీళ్లు వదలాలి. చివరి ఉరుము వినబడ్డాక ఇంకో 30 నిమిషాలు గడిచేదాకా తిరిగి దిగొద్దు. వాన వెలిసింది కదా అని పది నిమిషాలకే దిగేవాళ్లే ఎక్కువగా దొరికిపోతారు.

గట్టెక్కాక ఎటు పోవాలన్నదీ ముఖ్యమే. మన వైపు గట్ల మీద తాటిచెట్లు ఎక్కువ. ఒంటరిగా నిలిచిన తాటిచెట్టు కింద నిలబడితే పిడుగును పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నట్టే. పక్కా ఇల్లు, తలుపులు మూసిన కారు లేదా వ్యాను మంచివి, ఆటో పనికిరాదు. ఏదీ దొరకకపోతే చెట్లకు, కరెంటు స్తంభాలకు దూరంగా, పల్లంలో, పాదాలు దగ్గరగా పెట్టి గొంతుకూర్చోండి. పడుకోవద్దు, గుంపుగా ఉండొద్దు. పానగల్‌లోని ఛాయా సోమేశ్వరాలయం చూడ్డానికి వచ్చి సాయంత్రం కట్ట మీద నడిచేవాళ్లకు ఇవన్నీ తెలియవు. వాళ్లను కిందికి దిగమనడం కూడా కట్ట మీద ఉన్న మీ పనే అనుకోండి.

తెప్ప తిరగబడితే

ఈత వచ్చినా తెప్పను వదలొద్దు. గట్టు కనబడుతోంది కదా అని ఈదుకుంటూ పోయినవాళ్లు సగం దారిలో అలసిపోతారు. తెప్ప మునగదు, దాన్ని పట్టుకుంటే గాలి ఎప్పటికైనా ఏదో గట్టుకు చేరుస్తుంది. వల తాడును నడుముకు, మణికట్టుకు, కాలికి చుట్టుకునే అలవాటు ఉంటే ఇవాళే మానండి. నీళ్లలో పడ్డాక చేప పట్టాల్సిన వల మనిషిని పడుతుంది. అందుకే చిన్న కత్తి ఒకటి ఎప్పుడూ అందేలా ఉండాలి.

లైఫ్ జాకెట్ తెప్ప మీద పడేసి ఉంచడం కాదు, తొడుక్కుని ఉండాలి. నీళ్లలో పడ్డాక దాన్ని తొడుక్కోవడం ఎవరివల్లా కాదు. వల లాగేటప్పుడు ఎండకు ఉడికిపోతుందంటారు, నిజమే. మే నెల మధ్యాహ్నం నీళ్ల మీద ఉండకపోవడమే దానికి సరైన మందు. జాకెట్ లేనివాళ్లు గట్టిగా మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల క్యాన్లు రెండు తాడుతో తెప్పకు కట్టుకోవడం ఏమీ లేకపోవడం కన్నా నయం, జాకెట్‌కు సాటి మాత్రం కాదు. ఒంటరిగా పోవద్దు. ఫోన్ ప్లాస్టిక్ కవర్లో ఉండాలి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108 అందరికీ తెలిసి ఉండాలి.

వల వదిలేసి రావడం ఎలా

ఇవన్నీ తెలిసినా మనిషి వెనక్కి రాకపోవడానికి కారణం ధైర్యం కాదు, నీళ్లలో ఉన్న వల. మేలో సాయంత్రం నాలుగు గంటలకు చాలా గట్ల మీద వినబడే మాటలివి:

"మామా, పడమర నల్లగ కమ్మింది. ఇంకా రెండు వలలున్నయ్, తీసుకొస్తనా?"

"వలకేం కాదురా, పొద్దుగాల తీస్కుందాం. ముందు నువ్వు ఇటు రా."

"చేప పాడైతది మామా. బొచ్చెలు బాగ వడ్డయ్."

"పాడైతే పాడైతది. గట్టు మీదికొచ్చి మాట్లాడు."

మామకు ఆ మాట అనే బలం ఉండాలంటే కొన్ని ఏర్పాట్లు ముందే జరగాలి. మొదటిది పని వేళలు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వల కట్టే పనిని తెల్లవారుజాముకు మార్చుకుని, తొమ్మిది పదికల్లా తీసేయండి. పగటి వలకు రవ్వ, బొచ్చె తక్కువ పడతాయి, అది ఒప్పుకోవాల్సిందే. కానీ వేడి నీళ్లలో రాత్రంతా వలలో ఉన్న చేప పొద్దుటికి ఎలాగూ మెత్తబడి సగం ధరే పలుకుతుంది. సాయంత్రమే కట్టాలనుకుంటే నౌకాస్ట్ చూశాక, గట్టుకు దగ్గరలో, తీయడానికి పావుగంటకు మించని చోట కట్టండి. దూరపు వలలు మాఘం, ఫాల్గుణం లాంటి గాలి లేని నెలలకు ఉంచుకోండి. చేప కొనే వ్యాపారితో కూడా ముందే మాట్లాడుకోవాలి: హెచ్చరిక ఉన్న రోజు సరుకు రాదు, దానికి అడ్వాన్సులో కోత ఉండదు అని. కూలికి తెప్ప నడిపే కుర్రవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పొమ్మన్నవాడు గట్టు మీదే ఉంటాడు, పోయినవాడు నీళ్ల మీద ఉంటాడు.

రెండో ఏర్పాటు బీమా. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు సామూహిక ప్రమాద బీమా ఉంది. 18 నుంచి 70 ఏళ్ల వయసువాళ్లకు వర్తిస్తుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 5 లక్షల రూపాయలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రెండున్నర లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేలు వస్తాయి. ప్రీమియం ప్రభుత్వాలే కడతాయి. అయినా చాలామంది పేర్లు జాబితాలో ఉండవు, లేదా నామినీ పేరు తప్పుగా ఉంటుంది. సంఘంలో సభ్యత్వం ఉంటే చాలనుకోవద్దు. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు పట్టుకుని జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి పోయి మీ పేరు, నామినీ పేరు కళ్లతో చూసుకుని రండి.

మూడోది సంఘం తీర్మానం. మత్స్య సహకార సంఘం తర్వాతి సమావేశంలో నాలుగు విషయాలు రాయించండి. ఒకటి, గాలి 30 దాటుతుందని హెచ్చరిక ఉన్న పూట ఎవరూ తెప్ప వేయకూడదు. రెండు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా వంతులవారీగా ఒకరు గట్టు మీద కాపలా ఉండాలి, ఫోన్, ఈల, టార్చి ఆయన దగ్గరుండాలి, ఆ పూట పట్టిన చేపలో ఆయనకూ వాటా ఉండాలి. మూడు, కట్ట మీద ఒక నల్లబల్ల పెట్టి రోజూ రెండుసార్లు గాలి వేగం, రంగు రాయాలి. నాలుగు, హెచ్చరిక వేళ వదిలేసిన వల కొట్టుకుపోతే సంఘం నిధి నుంచి కొంత సాయం చేయాలి. నాలుగోది లేకుంటే మొదటి మూడూ కాగితం మీదే మిగులుతాయి. వల పోతుందన్న భయమే మనిషిని నీళ్ల మీద ఆపేది కాబట్టి, ఆ భయం తీసేయడమే అసలు హెచ్చరిక వ్యవస్థ. ఏప్రిల్ రాకముందే ఆ తీర్మానం మీద సంతకాలు పడాలి.